సంతకం పెట్టక ముందే అడుగుదాం

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రూపు లీడరు చేసిన ప్రసంగం)



ప్రతి సంవత్సరం ఈ సభలో మేము పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని లెక్క చెప్పి కూర్చునేవాళ్లం. ఈసారి మా గ్రూపులో జరిగిన ఒక తప్పు చెప్పడానికి నిలబడినాము. ఆ తప్పులో మాకు కూడా భాగం ఉంది. అందుకే గ్రూపులో తీర్మానం రాసుకొని, నష్టపోయిన సభ్యురాలిని అడిగి, ఆమె సరే అన్నాకే చెప్తున్నాము. ఆమె పేరు చెప్పము. అప్పు ఇచ్చినాయన పేరు కూడా చెప్పము, ఎందుకంటే విషయం కోర్టులో ఉంది.

ఆమెది ఎమ్మిగనూరులో నేత కుటుంబం. రెండు గదుల ఇల్లు, ముందు గదిలో గుంట మగ్గం. అత్తగారి కాలం నుంచి ఉన్న ఇల్లు, తర్వాత ఆమె పేరు మీదకు మారింది. కూతురి పెళ్లికి లక్షా యాభై వేలు తక్కువ పడినాయి. అప్పటికే బ్యాంకు లింకేజీ అప్పు నడుస్తాంది, స్త్రీనిధి కంతు కూడా ఉంది. మళ్లీ అడిగితే గ్రూపులో ఏమనుకుంటారో అని మాతో నోరు విప్పలేదు. తెలిసినాయన ఒకరి దగ్గరికి పోయింది. నూటికి మూడు రూపాయల వడ్డీ. "నోటు రాసిస్తే చాలదమ్మా, ఇల్లు నా పేరు మీద పెట్టు, డబ్బు కట్టినాక తిరిగి రాసిస్తా" అన్నాడంట. సరే అనింది.

మాతో చెప్పింది ఒక్కటే మాట. "ఇల్లు తాకట్టు పెడ్తాండా అక్కా, సాక్షి సంతకాలు కావాల, వస్తారా?" మాలో ఇద్దరం పోయినాము. ఒకరు పదో తరగతి పాసైన వాళ్లు. కాగితం మీద పెద్ద అక్షరాలతో "విక్రయ దస్తావేజు" అని ఉంది. అది తెలుగే. చదవడం వచ్చు. చదవలేదు. లేఖరి వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టినాము. లోపల సబ్ రిజిస్ట్రార్ సారు ఆమెను అడిగినాడు: "డబ్బు ముట్టిందా అమ్మా? ఇష్టపడే రాసిస్తున్నావా?" ఏం చెప్పాలో బయటే నేర్పించినారు. "ముట్టింది సార్" అనింది. ఫోటో దిగింది, వేలిముద్ర వేసింది. అయిదు నిమిషాల్లో ఇల్లు పోయింది, మాకెవ్వరికీ తెలియలేదు.

14 నెలలు నెలకు 4,500 లెక్కన వడ్డీ కట్టింది. తర్వాత మగ్గం పని నిలిచిపోయి రెండు నెలలు ఆగింది. మూడో నెల ఎవరో కొత్తవాళ్లు టేపు పట్టుకొని ఇల్లు కొలవడానికి వచ్చినారు. "ఈ ఇల్లు మేము కొంటున్నాము" అన్నారు. ఆ రోజు సాయంత్రం మీటింగులో ఏడుస్తూ చెప్పింది: "తాకట్టు పెట్టినా అనుకుంటి అక్కా, అమ్మినట్టు ఉందంట."

మరుసటి రోజే ఈసీ తీయించినాము. ఆమె పేరు నుంచి ఆయన పేరుకు విక్రయం అని ఉంది. సాక్షుల గురించి అడుగుతారని మాకు భయం వేసింది. నిజం చెప్పాలంటే, ఆ రాత్రి మాలో ఒకరు "మనం మాట్లాడకుండా ఉంటే మేలేమో" అని కూడా అన్నారు. అలా అన్నది ఎవరో గ్రూపు అందరికీ తెలుసు. ఆ మనిషే తెల్లారి అందరికన్నా ముందు కోర్టు దగ్గరికి బయల్దేరింది.

కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు, ఆదాయం ఎంత అని చూడరు. ఈ సంగతి మాకు అంతకుముందు తెలియదు. అక్కడి లాయరమ్మ మాకు రెండు కాగితాల తేడా చెప్పింది. ఇది ప్రతి ఒక్కరూ మనసులో పెట్టుకోండి.

తాకట్టు దస్తావేజు రాస్తే ఇల్లు మనదే. అప్పు మాత్రమే వాళ్లది. బాకీ తీర్చి ఇల్లు విడిపించుకునే హక్కు మనకు చట్టం ఇచ్చింది, దానికోసం కోర్టుకు పోవడానికి 30 ఏళ్ల గడువు ఉంటుంది. విక్రయ దస్తావేజు రాస్తే ఇల్లు వాళ్లది. "డబ్బు కడితే తిరిగి రాసిస్తా" అనే మాటకు విలువ కావాలంటే ఆ షరతు అదే దస్తావేజులో రాసి ఉండాలి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం అట్లనే చెప్తుంది. వేరే తెల్లకాగితం మీద రాసుకున్నా, దేవుని ముందర ప్రమాణం చేసినా అది తాకట్టుగా లెక్కకు రాదు.

మా సభ్యురాలి కాగితంలో ఆ షరతు లేదు. లాయరమ్మ దాచుకోకుండా చెప్పింది, "ఇది కష్టమైన కేసే. కానీ ఇది నిజమైన అమ్మకం కాదు, అప్పు కోసం పేరుకు రాయించుకున్న కాగితం అని చూపించగలిగితే దారి ఉంది." ఏమి చూపించాలి? అమ్మిన తర్వాత కూడా ఆమె అదే ఇంట్లో ఉంది. ఇంటి పన్ను, కరెంటు బిల్లు ఆమే కడ్తాంది. వడ్డీలో కొంత ఫోన్‌పేలో పంపింది, ఆ లెక్క బ్యాంకు ఖాతాలో ఉంది. చేతికిచ్చిన వడ్డీకి మాత్రం రసీదు లేదు. ఇంకొకటి, సాక్షి సంతకం పెట్టిన మేమిద్దరం. ఆ రోజు జరిగిన మాట కోర్టులో చెప్పాలంటే మా ఇండ్లల్లోనే వద్దన్నారు. "ఊర్లో పెద్దమనిషితో మనకెందుకు" అన్నారు. అయినా చెప్తామని రాసిచ్చినాము. కోర్టు ఇల్లు ఇంకొకరికి అమ్మకుండా తాత్కాలికంగా ఆపింది. తీర్పు ఇంకా రాలేదు. ఆమె ఇప్పటికీ ఆ ఇంట్లోనే నేస్తాంది. ఈరోజు మన మధ్యనే కూర్చొని ఉంది.

అక్కల్లారా, మోసం అంటే ఎవరో దొంగ రాత్రిపూట వచ్చి చేసేది అనుకుంటాము. అట్ల కాదు. తెలిసిన మనిషి, పట్టపగలు, ఆఫీసులోనే చేయిస్తాడు. అగ్రిగోల్డ్ సంగతి మన జిల్లాలో తెలియని వాళ్లు లేరు. 1995లో విజయవాడ కేంద్రంగా మొదలైంది. నెలనెలా కట్టండి, గడువు తీరినాక ప్లాటు గానీ పెంచిన డబ్బు గానీ ఇస్తామన్నారు. 2014 చివరికి చెల్లింపులు ఆగిపోయినాయి. మొత్తం 32 లక్షల మంది డిపాజిటుదారులు, 6,380 కోట్ల రూపాయలు. 10 వేల లోపు కట్టిన వాళ్లకు 2019 నవంబరులో, 20 వేల లోపు వాళ్లకు 2021 ఆగస్టులో ప్రభుత్వం కొంత తిరిగి ఇచ్చింది. ఎక్కువ కట్టిన వాళ్లు ఏళ్ల తరబడి తిరిగినారు. ఏజెంట్లు కూడా మన వీధి వాళ్లే, మన చుట్టాలే. వాళ్లూ మునిగిపోయినారు. కంపెనీని చూసి కాదు, మనిషి ముఖం చూసి డబ్బు కట్టినాము.

ఇప్పుడు ఊరి బయట వెంచర్లు వస్తాండాయి. నల్లరేగడి చేనులో రాళ్లు నాటి, రంగులేసి, జెండాలు కట్టి, కారులో తీసుకపోయి చూపిస్తారు. "ఈరోజు బయానా ఇస్తే ఈ రేటు, రేపైతే పెరుగుతుంది" అంటారు. తొందరపెట్టిన చోట ఆగండి. బయానా ఇవ్వక ముందు ఈ పనులు చేయండి:

ఒకటి. లింకు దస్తావేజులు అడగండి. అమ్మే మనిషికి ఎవరు అమ్మినారు, వాళ్లకు ఎవరు అమ్మినారు అని వెనక్కి పోవాలి. జిరాక్సు చూపిస్తే ఒరిజినల్ ఎక్కడుంది అని అడగండి. ఒరిజినల్ లేదంటే అది ఎక్కడో తాకట్టులో ఉండొచ్చు.

రెండు. ఈసీ మీరే తీయించండి. వాళ్లు తెచ్చిచ్చింది నమ్మవద్దు. 1983 నుంచి వివరాలు కంప్యూటర్లో దొరుకుతాయి, అంతకు ముందువి రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. ఈసీలో ఏమీ లేదంటే అప్పే లేదని కాదు. రిజిస్టరు కాని ఒప్పందాలు అందులో కనపడవు. బ్యాంకు అప్పుల కోసం 2011 నుంచి సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది, బ్యాంకు మేనేజరును అడిగితే చెప్తారు.

మూడు. నిషేధిత జాబితా చూడండి. దాన్నే 22-ఏ అంటారు. ప్రభుత్వ భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి అందులో ఉంటాయి. పొలమైతే మీభూమిలో 1-బి, అడంగల్ చూడండి.

నాలుగు. పట్టా స్థలాల జోలికి పోవద్దు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన స్థలాన్ని గడువు తీరక ముందు అమ్మడం, కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదు. బాండు పేపరు మీద రాసిచ్చి చవగ్గా ఇస్తామంటారు. డబ్బు పోతుంది, స్థలం వెనక్కి పోతుంది. "టిడ్కో ఇల్లు ఇప్పిస్తా, ఖర్చులకు ఇవ్వు" అనే మనిషికి కూడా పైసా ఇవ్వవద్దు. సచివాలయానికి పోయి మనమే అడుగుదాం.

అయిదు. లేఅవుటుకు అనుమతి ఉందా, ఎల్.పి. నంబరు ఎంత అని అడిగి, మునిసిపాలిటీలో గానీ పంచాయతీలో గానీ కనుక్కోండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటు, 8 ఫ్లాట్లు దాటిన అపార్టుమెంటు రెరాలో నమోదు కావాలి. నమోదు కాక ముందు ప్రకటన ఇవ్వడం, బయానా తీసుకోవడం తప్పు. నమోదైనా, ఒప్పందం రిజిస్టరు చేయక ముందు ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు.

ఆరు. జీపీఏ, అగ్రిమెంటు చేతిలో పెట్టి "ఇల్లు నీదైపోయింది" అంటే నమ్మవద్దు. అట్లాంటి కాగితాలతో హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్టరైన విక్రయ దస్తావేజు ఉంటేనే మనది.

ఏడు. పిత్రార్జితం కొంటుంటే అన్నదమ్ములతో పాటు ఆడబిడ్డల సంతకాలు కూడా ఉన్నాయా చూడండి. మన రాష్ట్రంలో 1985లోనే ఆడపిల్లకు వాటా హక్కు చట్టంలో వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఇదే మాట మనకు కూడా. పుట్టింటికి పిలిచి, చీర పెట్టి, "ఊరికే ఒక సంతకం" అంటే ఆ కాగితం ఏమిటో చదివించుకోండి.

ఇల్లు ఉన్న వాళ్లు కూడా నిశ్చింతగా ఉండకూడదు. మన దిక్కు సుగ్గికి గుంటూరు వైపు పోతే రెండు మూడు నెలలు ఇంటికి తాళమే. పోయే ముందు కాగితాలు ఒక సెట్టు జిరాక్సు తీసి నమ్మకమైన చోట పెట్టండి, ఇంటికి, ఖాళీ స్థలానికి హద్దులతో ఫోటో తీసుకోండి. ఏడాదికి ఒకసారి మన ఇంటి మీద ఈసీ తీయించుకోండి. మనకు తెలియని వరస కనపడితే అదే రోజు అడగొచ్చు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకతను రిజిస్ట్రేషన్ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దించుకొని, వాటి మీది వేలిముద్రలను రబ్బరుతో తయారుచేసి, వేలకొద్దీ సిమ్ కార్డులకు వాడినాడు. కాబట్టి ఆధార్ వేలిముద్రలకు లాకు వేయించుకోండి, అవసరమైనప్పుడు తెరుచుకోవచ్చు.

బ్యాంకులో ఇంటి అప్పు ఉన్న వాళ్లు, కంతు తప్పి నోటీసు వస్తే దాన్ని దూలంలో చెక్కి పెట్టవద్దు. 60 రోజుల గడువు ఇచ్చే నోటీసు అది. ఆ రోజుల్లోనే బ్యాంకుకు పోయి మాట్లాడాలి, జవాబు రాసివ్వాలి. అప్పు పూర్తిగా తీరినాక ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో చెప్పింది. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మనకే ఇవ్వాలి. అడగడం మన హక్కు.

మోసపోయినామని తెలిస్తే ముందు సిగ్గు పక్కన పెట్టండి. న్యాయ సేవకు 15100 కు ఫోన్ చేయండి. ఫోన్లో డబ్బు పోతే 1930 కు చేయండి. పోలీసు స్టేషన్లో ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోండి.

చివరిగా మా గ్రూపు తీసుకున్న తీర్మానాలు చెప్తాము. మాలో ఎవరైనా ఇంటి కాగితం మీద సంతకం పెట్టాలంటే ముందు మీటింగులో ఆ కాగితం గట్టిగా చదవాలి, పేరు మొదలుకొని చివరి లైను దాకా. చదవని కాగితానికి సాక్షి సంతకం పెట్టము, అడిగింది తోబుట్టువైనా సరే. బయట వడ్డీకి పోయే ముందు గ్రూపులో చెప్పుకోవాలి. చెప్పిన వాళ్లను ఎవరూ ఒక మాట కూడా అనకూడదు, అంటే 100 రూపాయలు జరిమానా. ఈ మూడోదే మాకు అన్నిటికన్నా ముఖ్యం. ఆమె మాతో ముందే చెప్పి ఉంటే, అందరం తలా కొంత వేసి, మిగిలింది అంతర్గత అప్పు కింద ఇచ్చి ఉండేవాళ్లం. ఆమె చెప్పలేకపోయింది, ఎందుకంటే అంతకు ముందు ఏడాది ఇంకొకామె కంతు ఆలస్యం చేసినప్పుడు మేము ఆమె ఇంటి ముందర నిలబడి అరిచినాము. అది చూసి భయపడింది. ఆ సంగతి ఆమె మాకు ఈ మధ్యనే చెప్పింది.

ఈ తీర్మానాలు అన్ని గ్రూపులూ మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలని, న్యాయ సేవాధికార సంస్థ వాళ్లను పిలిచి ఆదోనిలో ఒకటి, ఎమ్మిగనూరులో ఒకటి శిబిరం పెట్టించాలని సమాఖ్యను కోరుతున్నాము. మీ ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో, ఎవరి పేరు మీదున్నాయో ఈ రాత్రి ఇంటికి పోయి ఒకసారి తీసి చూసుకోండి. చదవడం రాకపోతే తెచ్చి మాకు చూపించండి, ఈసారి చదువుతాము.