మంగలకత్తి పిట్టలు వెళ్ళే కాలము
(రేడియో ప్రసంగ పాఠము)



వసంతకాలము అనగానే పక్షులు తిరిగి వచ్చే కాలమని చిన్ననాటి ఇంగ్లీషు పాఠాలలో చదువుకున్నాము. సెమినరీలో నేను చదివిన వ్యాఖ్యాన గ్రంథాలలో కూడా అదే ఉండేది. మంచు కరిగింది, పక్షులు వచ్చాయి అని. ఆ పుస్తకాలు వ్రాసినవారి దేశాలలో అది నిజమే. మన మందమర్రిలో మాత్రం తలక్రిందులు. ఇక్కడ గాంధారి ఖిల్లా వైపు మోదుగ పూసిందంటే చాలా పక్షులకు మూట సర్దుకునే సమయం వచ్చినట్లే. అవి వచ్చేది దసరా, దీపావళి రోజులలో. వెళ్ళేది ఫిబ్రవరి చివరి నుండి ఏప్రిల్ లోపు. వచ్చినప్పుడు అంతో ఇంతో చూస్తాము గాని వెళ్ళేటప్పుడు ఎవరమూ చూడము. ఒకనాడు తల ఎత్తి చూస్తే కరెంటు తీగల మీద లేవు, అంతే.

కోకిల సంగతి వేరు. అది ఎక్కడికీ పోదు, ఎక్కడి నుండీ రాదు. చలికాలమంతా మన వేపచెట్టు మీదనే మూగగా ఉండి ఇప్పుడు గొంతు విప్పుతుంది. మనము మాత్రం వచ్చిందనుకుంటాము.

యిర్మీయా గ్రంథము 8వ అధ్యాయము 7వ వచనము తెరచి చూడండి. ప్రవక్త అక్కడ తమ కాలము ఎరిగిన పక్షులను పేరుపేరునా చెప్పాడు. మన తెలుగు బైబిలులో సంకుబుడి కొంగ, మంగలకత్తి పిట్ట అనే పేర్లు కనిపిస్తాయి. యిర్మీయా ఇది గదిలో కూర్చుండి ఊహించి చెప్పినది కాదు. ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ఖండాలు కలిసే దారిలో ఆయన దేశమున్నది. పెద్ద కొంగలు సముద్రము మీదుగా ఎక్కువ దూరము ఎగురలేవు, నేల మీద నుండి పైకి లేచే వేడిగాలి వాటికి కావాలి. అందుకే నేటికీ లక్షలాది కొంగలు ప్రతి వసంతమున ఆ దేశము మీదుగానే సాగిపోతాయి. ఆయన తల ఎత్తి చూశాడు, తన జనులను చూశాడు, బాధపడ్డాడు.

ఈ వచనమును నేను చాలాసార్లు ప్రసంగించాను గాని మంగలకత్తి పిట్ట ఏదో నాకు తెలియదు. అది చూపించినవాడు మా సంఘములోని ఒక పెద్దాయన. ముప్పై ఆరేండ్లు భూగర్భ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి కరీంనగరులో కూతురి దగ్గరికి వెళ్ళాలి. ఆయన భార్య సామాను సగము కట్టేసింది. ఆయన మాత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నచ్చజెప్పమని ఆ తల్లి నన్ను పిలిపించింది. నేను వెళ్ళి ఏదో చెప్పబోతుంటే ఆయన తీగల వైపు చేయి చూపించాడు. చిన్న పిట్టలు బారుగా కూర్చున్నాయి. నల్లని నీలిరంగు వీపు, ఇటుకరంగు గొంతు, రెండుగా చీలిన పొడవైన తోక. ఆ తోక చూడగానే మంగలికత్తి జ్ఞాపకము వచ్చింది, బైబిలులోని పేరు కూడా అప్పుడే అర్థమైంది.

"ఇవి పోతున్నయి అయ్యగారూ. మొన్న లెక్కవెడితె నలభై ఉండె, ఇయ్యాల ఇరవై ఆరే" అన్నాడాయన.

ఒక్కొక్కటి దాదాపు 20 గ్రాములు తూగుతుంది. హిమాలయాలలోను, అంతకు ఉత్తరాన ఉన్న దేశాలలోను మట్టి గూళ్ళు కట్టుకుంటుంది. అంత దూరము మళ్ళీ వెళ్ళాలి.

ఇవి ఒక్కటే కాదు. మంచిర్యాల దగ్గర గోదావరి ఒడ్డున, ఎల్లంపల్లి జలాశయము అంచులలో చలికాలమున ఉల్లంకి పిట్టలు బురదలో ముక్కులు గుచ్చుతూ తిరుగుతాయి. వాటిలో కొన్ని సైబీరియాలో పుట్టినవి. ఇసుక తిన్నెల మీద జక్కవలను, అంటే చక్రవాకాలను, నేను జంటలుగా చూశాను. మన కవులు రాత్రివేళ విడిపోయి ఏడ్చే పక్షులుగా వర్ణించినవి అవే. అవి లడక్, టిబెట్ వంటి చల్లని ఎత్తు ప్రదేశాలకు వెళ్ళి పిల్లలను పెడతాయి. పూసిన మోదుగల మీద, బూరుగుల మీద గుంపులుగా వాలి గోల చేసే గులాబిరంగు గోరింకలను చూశారా? తల, రెక్కలు నలుపు, ఒళ్ళంతా గులాబి. అవి మధ్య ఆసియా గడ్డిమైదానాలకు పోతాయి. అక్కడ మిడతలు పుట్టే వేళకు చేరుకోవాలి. మోదుగ పూవులో తేనె వాటికి దారిబత్తెము. దూరప్రయాణము చేసే కొన్ని చిన్న పక్షులు బయలుదేరేముందు తిని తిని దాదాపు రెండింతల బరువు అవుతాయి. ఆ కొవ్వే దారిలో ఇంధనము.

ఇక వేళ ఎలా తెలుస్తుంది? ఎండ ముదిరినందుకు అనుకుంటాము. 1920వ దశకములో కెనడాలోని ఎడ్మంటన్‌లో విలియం రోవన్ అనే ఆచార్యుడు చిన్న పిట్టలను గడ్డకట్టే చలిలో ఆరుబయట పంజరాలలో ఉంచి, సాయంత్రాలు బల్బులు వెలిగించి, దినదినము కొద్ది కొద్దిగా వెలుతురు సమయము పెంచాడు. చలి అలాగే ఉన్నా, ఆ పిట్టల శరీరాలు వసంతమునకు సిద్ధమయ్యాయి. వాటి గడియారము పగటి పొడవు. మన ప్రాంతములో డిసెంబరులో పగలు దాదాపు 11 గంటలు, మార్చి 20 నాటికి 12. ఆ ఒక్క గంట తేడా మనకు తెలియదు, వాటికి తెలుస్తుంది.

ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. "నాకు పొద్దంటె సైరనే అయ్యగారూ. ఫస్టు షిఫ్టుకు చీకట్ల దిగుడు, సెకండు షిఫ్టుకు చీకట్ల ఎక్కుడు. ఈ పిట్టలు ఏటేటా మా ఇంటి ముంగటనే ఉన్నయట. నేను ఇప్పుడు సూస్తున్న" అన్నాడు. నచ్చజెప్పడానికి వెళ్ళినవాడను నేను. ఏమి నచ్చజెప్పాలో తెలియక టీ తాగి వచ్చాను.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ రోజులలోనే పిల్లలు గులేర్లు పట్టుకుని తిరుగుతారు. ప్రయాణానికి కొవ్వు పట్టి, చెట్టు మీద నింపాదిగా మేస్తున్న పిట్ట సులభముగా దొరుకుతుంది. ఉచ్చులు వేసేవారు కూడా ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టము ప్రకారము అది నేరము. అయితే చట్టము పేరు చెబితే పిల్లలు వినరు. ఆ పిట్ట ఎక్కడికి వెళ్ళాలో చెప్పండి, గులేరు దించుతారు. మా సండేస్కూలు పిల్లలలో ఇది చూశాను, అందరూ కాదు గాని కొందరు.

2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 178 జాతులపై అత్యధిక శ్రద్ధ అవసరమని చెప్పింది. దూరము నుండి వచ్చే వలస పక్షులు బాగా తగ్గుతున్నవాటిలో ఉన్నాయి. ఈ లెక్కలు శాస్త్రవేత్తలు ఒక్కరే కట్టినవి కావు, మామూలు మనుషులు చూసి వ్రాసి పంపినవే. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షులను లెక్కించే కార్యక్రమము జరుగుతుంది. మన దేశము 2013 నుండి పాల్గొంటున్నది. పదిహేను నిమిషాలు నిలబడి చూస్తే చాలు.

పెద్దాయన ఏప్రిల్ మొదటి వారములో వెళ్ళారు. లారీ ఎక్కేముందు గోడకున్న క్యాలెండరు తీసి నా చేతికిచ్చారు. గడులలో పెన్సిలుతో అంకెలున్నాయి. ఇరవై ఆరు, పందొమ్మిది, పదకొండు, ఏడు. "మిగిలినయి మీరు రాయుండ్రి" అన్నారు. నేను రెండు రోజులు వ్రాశాను, మూడవనాడు తీగ ఖాళీ.

అక్టోబరులో ఆయన దగ్గర నుండి ఫోను వచ్చింది. ఆరోగ్యము అడుగుతాననుకున్నాను. "అయ్యగారూ, వచ్చినయా?" అన్నారు. చర్చి మెట్ల మీద నిలబడి చూసి, తొమ్మిది ఉన్నాయని చెప్పాను.