ఫోన్ తెరిచిన చేతిని కూడా బోనెక్కించాలి

(కర్నూలు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కర్నూలు, కడప జిల్లాల్లో ఫ్యాక్షన్ కేసులు కోర్టుల్లో ఎట్లా వీగిపోతాయో మీకు మేం కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. పట్టపగలు ఊరి నడిబొడ్డున మనిషిని నరికినా, కేసు విచారణకు వచ్చేసరికి చూసినోడు ఒక్కడూ మిగలడు. ఫిర్యాదు మీద వేలిముద్ర వేసినోడే బోనెక్కి, తెల్ల కాగితం మీద వేయించుకున్నారు సార్ అంటాడు. వేటకొడవలి దొరికిందని రాసిన మధ్యవర్తుల నివేదికలో ఉన్న మధ్యవర్తి, ఆ రోజు ఊర్లోనే లేడని తేలుతుంది. భయమో, రాజీయో, డబ్బో. సాక్షి ఎదురు తిరగడం సీమలో వింత కాదు.

అందుకే పోలీసులకు సెల్‌ఫోన్ దేవుడిచ్చిన సాక్షిలా కనిపిస్తోంది. దానికి భయం లేదు, బంధుత్వం లేదు, పెద్దమనుషుల పంచాయితీకి లొంగదు. కానీ తాళం వేసున్న ఫోన్‌ను ఎట్లా తెరిచారని అడిగితే మాత్రం నోరు విప్పరు. అది రహస్యం, చెబితే నేరస్తులు జాగ్రత్త పడతారు అంటారు. ఈ రహస్యాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నదే ఈరోజు మన ముందున్న ప్రశ్న. ఒప్పుకోకూడదన్నది మా మాట. ముద్దాయి మీద జాలితో చెప్పడం లేదు. చచ్చినోడి కుటుంబానికి న్యాయం జరగాలన్నా ఇదే దారి.

కడప జిల్లా కేసే తీసుకుందాం. 2019 మార్చి 15న పులివెందులలో మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి తన ఇంట్లోనే హత్యకు గురయ్యారు. 2020 మార్చిలో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాదుకు మార్చింది. దోషులెవరో తేల్చడం కోర్టు పని, ఆ జోలికి మేం పోవడం లేదు. మనకు కావాల్సింది అందులోని ఒక్క ముక్క. నిందితుడొకరు ఆ రాత్రి ఎక్కడ తిరిగాడో చెప్పడానికి సీబీఐ గూగుల్ టేకౌట్ సమాచారాన్ని చూపించింది. ఇది ఫోన్ తాళం పగలగొట్టి తీసింది కాదు, గూగుల్ దగ్గరున్న లెక్క. అయినా 2023లో దాని మీద పెద్ద రగడే జరిగింది. అందులోని గంటలు అంతర్జాతీయ కాలమానమా, మన భారత కాలమానమా అని. రెండింటికీ తేడా అయిదున్నర గంటలు. నడిరాత్రి రెండున్నర అనుకున్నది తెల్లారి ఎనిమిదవుతుంది. హత్య కేసులో ఈ తేడా ఎంతటిదో చెప్పాలా?

చూడండి, ఎక్కడి నుంచి తెచ్చారో తెలిసిన సమాచారం కాబట్టే ఆ ప్రశ్న అడగడానికి వీలైంది. మూసిన గదిలో, పేరు చెప్పని యంత్రంతో, సంతకం లేని చేతులతో తీసిన సమాచారమైతే ఎవరు అడిగేవారు? ఏమని అడిగేవారు?

ఇంతకీ ఆ యంత్రం చేసేదేమిటి? నాలుగంకెల తాళానికి మొత్తం పదివేల కలయికలు. ఆరంకెలకు పది లక్షలు. యంత్రం ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. అందుకే ఫోన్ తయారుచేసినోళ్లు తప్పు కొట్టేకొద్దీ ఆలస్యమయ్యేలా అడ్డం పెట్టారు. ఆ అడ్డాన్ని దాటడానికి ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఏదో ఒక లోపాన్ని పట్టుకోవాలి. మన భాషలో చెప్పాలంటే కన్నం. ఇజ్రాయిల్ కంపెనీ సెల్లెబ్రైట్, అమెరికాలో పుట్టిన గ్రేకీ లాంటివి అమ్ముకునేది ఈ కన్నాల వ్యాపారమే. కంపెనీకి తెలిస్తే పూడుస్తుంది. పూడిస్తే సరుకు అమ్ముడుపోదు. అందుకే రహస్యం.

అమెరికాలో శాన్ బెర్నార్డినో కాల్పులు 2015 డిసెంబరులో జరిగాయి. హంతకుడి ఐఫోన్ తెరిచిపెట్టమని ఎఫ్‌బీఐ ఆపిల్ కంపెనీని కోర్టుకీడ్చింది. 2016 మార్చిలో, మాకు వేరే వాళ్లు తెరిచిచ్చారు పొమ్మని కేసు వెనక్కి తీసుకుంది. ఎవరు తెరిచారు, ఎంతిచ్చారు అని పత్రికలు దావా వేస్తే, చెప్పనక్కర్లేదని 2017లో కోర్టు తీర్పిచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన అజిముత్ అనే సంస్థ పని అని 2021లో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. చెబితే కొంపలంటుకుంటాయన్న రహస్యం అచ్చయింది. ఏ కొంపా అంటుకోలేదు.

దాస్తే ఏమవుతుందో మాత్రం మన సీమే చూసింది. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ నూటయాభైకి పైగా దేశాల్లో కంప్యూటర్లకు తాళాలు బిగించి డబ్బడిగింది. అది దూరిన విండోస్ కన్నం అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏకు ముందే తెలుసు. తన అవసరానికి దాచుకుంది. దాచుకున్న పనిముట్టు దొంగల పాలై వీధిలో పడింది. ఆ దెబ్బకు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లే మూతపడ్డాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల ఠాణాలు అందులో ఉన్నాయి. ఊళ్లో గోడకు కన్నముందని తెలిసిన తలారి ఇంటాయనకు చెప్పకుండా తన కోసం దాచుకుంటే, ఆ కన్నంలోంచి దొంగ తలారి ఇంట్లోకే దూరాడన్నమాట! మన జేబుల్లో ఉన్నవీ, ఎస్పీగారి జేబులో ఉన్నదీ ఒకే కంపెనీ ఫోన్లు. ఈ మాట మన అధికారులు ఎందుకు ఆలోచించరో మాకు అర్థం కాదు.

ఇంకో సంగతి. తెరిచే యంత్రం కూడా సాఫ్ట్‌వేరే, దానికీ లోపాలుంటాయి. 2021 ఏప్రిల్‌లో సిగ్నల్ సంస్థ స్థాపకుడు మాక్సీ మార్లిన్‌స్పైక్ సెల్లెబ్రైట్ యంత్రాన్నే పరీక్షించాడు. ఫోన్‌లో ఒక ప్రత్యేకమైన ఫైలు పెడితే చాలు, ఆ యంత్రం ఇచ్చే నివేదికను, అంతకుముందు ఇచ్చిన నివేదికలను సైతం మార్చేయవచ్చని చెప్పాడు. అంటే మనం దేవుడిచ్చిన సాక్షి అనుకున్నది కూడా ఎదురు తిరగొచ్చు. తిరిగినట్టు ఎవరికీ తెలియకుండానే!

లేనిది పెట్టే ప్రమాదమూ ఉంది. భీమా కోరెగావ్ కేసులో రోనా విల్సన్ లాప్‌టాప్‌లో ఉత్తరాలను బయటినుంచి చొప్పించారని 2021లో అమెరికాకు చెందిన ఆర్సెనల్ సంస్థ తేల్చింది. అదే కేసులో మన వరవరరావు గారి ఈమెయిల్ ఖాతాకు పుణె పోలీసు అధికారి వివరాలు జతచేసి ఉన్నాయని 2022లో వైర్డ్ పత్రిక రాసింది. పెగాసస్ సంగతీ చూశాం. సుప్రీంకోర్టు కమిటీ 29 ఫోన్లు పరీక్షిస్తే అయిదింటిలో ఏదో దొంగ సాఫ్ట్‌వేర్ దొరికింది, అది పెగాససేనని తేలలేదు. కేంద్రం సహకరించలేదని 2022 ఆగస్టులో ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారే కోర్టు హాలులో చెప్పారు.

ఢిల్లీ దాకా ఎందుకు, బంద్ పిలుపిచ్చిన రోజు మన సంగతేమిటి? తెల్లవారుజామునే ఎత్తుకుపోతారు. ఠాణాలో అడుగుపెట్టగానే ఫోన్లు టేబుల్ మీద పెట్టమంటారు. రశీదుండదు, పంచనామా ఉండదు. సాయంత్రం పంపేటప్పుడు ఇస్తారు. ఆ పది గంటలు అది ఎవరి చేతిలో ఉందో, ఏం చూశారో, ఏం రాసుకున్నారో అడిగితే, నీకేమన్నా దాచుకునేది ఉందేమప్పా అని ఎదురు ప్రశ్న. ఉంది. మా ఇంటి మాటలు, మాకు వార్త చెప్పినోడి పేరు, మా వకీలుతో మాట్లాడుకున్నది ఉంది. అవి దాచుకోవడం నేరం కాదు.

పోలీసుల వాదనలో నిజం బొత్తిగా లేదని మేం అనడం లేదు. పిల్లను ఎత్తుకుపోయినోడి ఫోన్ తెరవాల్సిన రాత్రి, ముందు పేపర్లో ప్రకటన వేయండని ఎవరూ అడగరు. దర్యాప్తు నడుస్తున్నంత కాలం ఆగుదాం. కానీ ఛార్జిషీటు వేసి, ఈ సమాచారంతో ఇతనికి యావజ్జీవం వేయండని అడిగే రోజున రహస్యం కుదరదు. ఏ యంత్రం, ఏ వెర్షన్, ఏ తేదీన, ఎవరి చేతుల మీదుగా, తెరవకముందు ఫోన్ ఏ స్థితిలో ఉంది అన్నవన్నీ ముద్దాయి వకీలుకు, అతని నిపుణుడికి అందాలి. కన్నం సంగతి తయారీదారుకు ఒక గడువులోగా చెప్పాలి.

2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో హాష్ విలువ రాయాలి. అది ఆ సమాచారానికి వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. బాగానే ఉంది. కానీ తీసిన తర్వాత మారలేదని అది చెబుతుందే గాని, తీసేటప్పుడు ఏం జరిగిందో చెప్పదు. తాళం చెప్పమని బలవంతపెట్టొచ్చా అన్నదాని మీదా కోర్టులది ఒక మాట కాదు. కర్నాటక హైకోర్టు 2021లో ఒకటి చెబితే, ఢిల్లీ సీబీఐ కోర్టు 2022లో ఇంకొకటి చెప్పింది.

వెలుగులో తెరవడం చేతగాని పనేం కాదు. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో మాజీ ఎస్‌ఐబీ అధిపతిని, ఫోరెన్సిక్ నిపుణుల సమక్షంలో ఐక్లౌడ్ పాస్‌వర్డ్ మార్చి ఇవ్వమని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పెద్ద అధికారి ఫోన్‌కు దొరికిన ఆ మర్యాద ఆదోని కూలీ ఫోన్‌కు, జమ్మలమడుగు కుర్రాడి ఫోన్‌కు దొరకాలా వద్దా?

ఇక్కడున్న వకీళ్లకు మా విన్నపం ఒకటే. రేపు కర్నూలు, కడప సెషన్స్ కోర్టుల్లో ఫోన్ నివేదికను మార్కు చేసే రోజున, అభ్యంతరం లేదని వదిలేయొద్దు. దాన్ని తీసిన మనిషిని బోనులోకి పిలిపించండి, తెరిచిన పద్ధతి అడగండి. జర్నలిస్టు మిత్రులు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ జిల్లాలో ఏడాదికి ఎన్ని ఫోన్లు తెరిచారు, ఎవరి ఉత్తర్వు మీద, యంత్రానికి ఎంత ఖర్చు, కేసు కొట్టేశాక ఆ సమాచారం చెరిపేశారా లేదా అని. దర్యాప్తుకు ఆటంకమని తిప్పి పంపుతారు. అప్పీలుకు పోండి. ఎన్ని ఫోన్లు అన్న అంకె ఏ దర్యాప్తుకు ఆటంకమో రాతపూర్వకంగా చెప్పమనండి.