రెట్టింపులలో ప్రధాన సంఖ్యలు

చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టించుచు పోయినచో 64 గడులలోని మొత్తము గింజలెన్ని? పావులూరి మల్లన తన సారసంగ్రహ గణితమున ఈ లెక్కను పద్యమున కెక్కించెను. సమాధానము 18446744073709551615. ఒకటిని 64 మారులు రెట్టింపగా వచ్చుదానిని 2 యొక్క 64వ ఘాతమందురు. ఇది దానికి ఒకటి తక్కువ.

ఖాజీపేటకు పడమటి దిక్కున, ప్రొద్దుటూరు చెంతనున్న కల్లూరిలో 1907లో జన్మించిన లక్కోజు సంజీవరాయశర్మగారు జన్మాంధులు. పలకపై అంకె నెన్నడును చూడని ఆయన, గణితావధానమున 2 యొక్క 103వ ఘాతమెంత యని అడుగగా 32 అంకెల సంఖ్యను నోటితో చెప్పిరని ప్రసిద్ధి. 1997లో ఆయన కీర్తిశేషులైరి.

సంఖ్య యెంతయో చెప్పుట ఒక విద్య. దాని స్వభావమును తెలిసికొనుట వేరొక విద్య. ఒకటిచేతను, తనచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్య ప్రధాన సంఖ్య. మల్లన సంఖ్య 5తో ముగియుచున్నది గనుక ప్రధానము కాదని చూడగనే తెలియును. అసలు కారణము 64 ప్రధానము కాకపోవుటయే. ఘాతాంకము ప్రధానము కానిచో, ఒకటి తగ్గించిన ఫలమును ప్రధానము కానేరదు. అట్లని ఘాతాంకము ప్రధానమైన మాత్రమున చాలదు. 11వ ఘాతమునకు ఒకటి తక్కువైన 2047, 23ను 89చే గుణింపగా వచ్చినది.

103 ప్రధాన సంఖ్యయే. అయినను శర్మగారు చెప్పిన సంఖ్యనుండి ఒకటి తీసివేసినచో, మిగిలినదానిని 2550183799 నిశ్శేషముగా భాగించును. ఆ 103వ ఘాతమునే మరి నాలుగు మారులు రెట్టించి, ఒకటి తీసివేయుడు. వచ్చెడి 33 అంకెల సంఖ్య ప్రధానము! ఫ్రాన్సు దేశపు మతాచార్యుడు మెర్సెన్ 1644లో ప్రకటించిన పట్టికలో ఈ 107 లేదు. దాని ప్రధానత్వము 1914లో నిర్ధారితమయ్యెను.

అంతటి సంఖ్యను ఒక్కొక్క భాజకముతో పరీక్షింప నొక జీవితము చాలదు. 1876లో లూకా అను ఫ్రెంచి గణితజ్ఞుడు దగ్గర దారి చూపెను; పిమ్మట లేమర్ దానిని సులభతరము చేసెను. 4తో ప్రారంభింపుడు. దాని వర్గమునుండి 2 తీసివేసి, పరీక్షింపదలచిన సంఖ్యచే భాగించి, శేషమును మాత్రము నిలుపుకొనుడు. ఆ శేషముతో మరల అట్లే చేయుడు. ఘాతాంకమునకు రెండు తక్కువ మారులు చేసిన పిమ్మట శేషము సున్న యైనచో సంఖ్య ప్రధానము, కానిచో కాదు. 5వ ఘాతమునకు ఒకటి తక్కువైన 31ని చూడుడు: మొదటి మారు 14, రెండవ మారు 8, మూడవ మారు 62ను భాగింపగా సున్న. కనుక 31 ప్రధానము. 33 అంకెల సంఖ్యకైనను ఇట్లు 105 మారులు చేసిన చాలును.

2024 అక్టోబరులో ప్రకటితమైన ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నవి. అది 2 యొక్క 136279841వ ఘాతమునకు ఒకటి తక్కువ. కంప్యూటరు తుదకు దాని ప్రధానత్వమును స్థిరపరచినది లూకా చూపిన దారిననే. ఇట్టి ప్రధాన సంఖ్యలకు అంతమున్నదో లేదో ఇంతవరకు ఎవరును నిరూపింపలేదు.

మీ యింటి పిల్లలచే 127ను పరీక్షింపజేయుడు. అది 7వ ఘాతమునకు ఒకటి తక్కువ. ఐదు మారులు చేయవలెను. పలకయు బలపమును చాలును.