సార్థకత అంటే ఎంత?



ఫ్లోరైడ్‌కు, పిల్లల తెలివికి సంబంధముందని 2025 జనవరిలో ఒక అమెరికా వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. అది పేపర్లో చదివి, "అయితే మన మర్రిగూడ పిల్లలు మందబుద్ధులనేనా?" అని మన సభ్యులొకరు నన్నడిగారు. వారి మనవరాలిని చూడవచ్చిన పెండ్లివారు కూడా ఆ మాటే అన్నారట.

ఇటువంటి పరిశోధనల్లో 'సార్థకత' అనే మాట ఉంటుంది. మన వాడుకలో సార్థకమంటే ప్రయోజనం గలది. వారి లెక్కలో అర్థం వేరు. రూపాయి బిళ్లను ఐదుసార్లు ఎగరవేస్తే ఐదుసార్లూ బొమ్మే పడే అవకాశం 32లో ఒకటి, అనగా నూటికి 3. బిళ్లలో మోసం లేకున్నా పడవచ్చు గాని అరుదు. వట్టి యాదృచ్ఛికంగా నూటికి 5 కన్నా తక్కువసార్లు వచ్చే ఫలితాన్ని సార్థకమంటారు. ఈ 5 గీతను వాడుకలోకి తెచ్చినవారు ఫిషర్. (మన తెలుగువారైన సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జిలో ఆయన శిష్యులే.) అది వాడుకే గాని శాసనం కాదు.

ఈ హాలులో నూరుగురం తలా ఐదుసార్లు బిళ్ల ఎగరవేస్తే, సుమారు ముగ్గురికి అన్నీ బొమ్మలే పడతాయి. ఆ ముగ్గురే పత్రికకెక్కితే? 2015లో మనస్తత్వ శాస్త్రంలో 100 పాత పరిశోధనలను తిరిగి చేసి చూశారు. మొదట నూటికి 97 సార్థకమన్నవి, రెండోసారి నూటికి 36 మాత్రమే తేలాయి.

ఇక ఆ వ్యాసం. అందులో 74 పరిశోధనలను కలిపి చూశారు, ఎక్కువ భాగం చైనావి. వాటిలో 52 లోపాలకు ఆస్కారమున్నవని వారే రాశారు. పిల్లల మూత్రంలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ పెరిగితే ప్రజ్ఞాలబ్ధి సగటున 1.63 పాయింట్లు తగ్గింది. యాదృచ్ఛికమని కొట్టివేయదగినది కాదు, సార్థకమే. కాని ఎంత? సగటు 100గా కొలిచే పరీక్షలో, ఒకే పిల్లకు రెండుసార్లు పరీక్ష పెడితే అంతకన్నా ఎక్కువ తేడా రావచ్చు. కరువు, పేదరికం, బడి లేకపోవడం వల్ల తగ్గిందెంతో సార్థకత చెప్పదు. సగటు చూసి ఒక పిల్ల తెలివి నిర్ణయించడం, మండలం సగటు దిగుబడి చూసి ఒక రైతు చేను పహాణీలో రాయడం వంటిది.

అట్లని కొట్టివేయనూ రాదు. జిల్లా పిల్లలందరికీ తలా పాయింటున్నర పోతే అది పెద్ద నష్టమే. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ నీళ్లు ఇంటింటికీ ఆగకుండా రావాలని అడగడానికి ఈ వ్యాసం పనికివస్తుంది. పెండ్లి సంబంధం తిప్పికొట్టడానికి పనికిరాదు. ఆ తాతగారు వ్యాసం నకలు తీయించి, 1.63 కింద ఎర్ర గీత గీసి, పెండ్లివారికి పంపారు. జవాబు ఇంకా రాలేదు.