బండి మీది వైర్‌లెస్ ఏరియల్: ఎంపిక, సంరక్షణ

(ప్రసంగ పాఠము)



ఎరువుల సంగతి, విత్తనముల సంగతి చెప్పవలసినవాడు ఏరియల్ సంగతి ఎత్తుకొన్నాడేమి అని మీరు అనుకోవచ్చును. కారణము ఉన్నది. అనకాపల్లి, చోడవరము ప్రాంతములలో చెరకు నరికించి బళ్ళకు ఎత్తించేవారు, నలుగురైదుగురు కలిసి ట్రాక్టర్లు నడుపుకొనేవారు, భీమునిపట్నము దిక్కున ఒడ్డు పొడుగునా సరుగుడు తోటలు వేసినవారు, "బండిలో చిన్న వైర్‌లెస్ సెట్టు పెట్టుకొంటే ఎట్లా ఉంటుందండీ?" అని అడుగుచున్నారు. అడగవలసిన ప్రశ్నే. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినప్పుడు కరెంటు పోయినది, దానితో బాటు సెల్‌ఫోనులు మూగవోయినవి. పక్క ఊరిలో అన్నదమ్ములు ఎట్లా ఉన్నారో తెలియక ఎందరో తల్లడిల్లినారు. ఆ రోజులలో హామ్ రేడియోవారు తమ సెట్లతో వచ్చి కబుర్లు అందించినారు. వారి సెట్లకు టవరు అక్కరలేదు. ఒక బ్యాటరీ, ఒక ఏరియల్ ఉంటే చాలును.

సెట్టు కొనేటప్పుడు పదిమందిని అడుగుతాము, బేరమాడుతాము. ఏరియల్ దగ్గరకు వచ్చేసరికి దుకాణదారు ఏది చేతిలో పెడితే అది తెచ్చుకొంటాము. మంచి విత్తనము కొని చౌడు నేలలో చల్లినట్లే అది. నేను వైర్‌లెస్ ఇంజనీరును కాను, పంటల శాస్త్రము చెప్పేవాడిని. కానీ ఈ విషయములో రైతు ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి ఉన్నది. అది దుకాణములో ఎవరూ చెప్పరు గనుక నేను చెప్పదలచినాను.

ముందుగా చట్టము. 2005లో కేంద్ర ప్రభుత్వము 26.957 నుండి 27.283 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీలో 5 వాట్లకు మించని చిన్న సెట్లకు లైసెన్సు అక్కరలేదని నియమము చేసినది. సిటిజన్ బ్యాండు అని వాడుకలో పిలిచేది దీనినే. ఈ 5 వాట్లు ఏరియల్ నుండి బయటికి పోయే శక్తికి పెట్టిన హద్దు. కావున "పవరు పెంచే పెట్టె" అని ఎవరైనా అమ్మజూపితే దూరము పెట్టండి. సెట్టుకు ప్రభుత్వ ఆమోద పత్రము ఉన్నదా, మీరు తగిలించదలచిన బయటి ఏరియల్ కూడా ఆ ఆమోదములో చేరినదా అని అడిగి, కాగితము చూచిన తరువాతనే డబ్బు ఇవ్వండి. హామ్ రేడియోకు పరీక్ష వ్రాసి లైసెన్సు పొందవలెను. అది వేరే దారి.

ఇక ఏరియల్ పొడవు. లెక్క చాలా సులభము. 300ను మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే తరంగము పొడవు మీటర్లలో వస్తుంది. 27 మెగాహెర్ట్జ్‌కు సుమారు 11 మీటర్లు. అందులో నాల్గవ వంతు పొడవుగల పుల్ల ఉంటే అది చక్కగా పలుకుతుంది. అనగా రెండుముప్పావు మీటర్లు, మన లెక్కలో తొమ్మిది అడుగులు. విశాఖ చేపలరేవులో మరపడవల మీద మూరెడు ఏరియల్ చూచి "వారికి చిన్నది సరిపోతే మనకెందుకు సరిపోదు?" అనవచ్చును. సముద్రము మీది వి.హెచ్.ఎఫ్. సెట్లు 156 మెగాహెర్ట్జ్ ప్రాంతములో పనిచేస్తాయి. అక్కడ నాల్గవ వంతు అంటే అర మీటరు కూడా లేదు. ఆ ఏరియల్ తెచ్చి మన సెట్టుకు తగిలిస్తే పనిచేయకపోగా సెట్టే పాడగును.

తొమ్మిది అడుగుల పుల్లకు బదులుగా మూడు, నాలుగు, ఐదు అడుగులవి కూడా దొరుకుతాయి. వాటిలో తీగను చుట్టగా చుట్టి, తగ్గిన పొడవును భర్తీ చేస్తారు. పొట్టిదయిన కొద్దీ మాట పోయే దూరము తగ్గుతుంది. కావున "పొడవైనదే తీసుకోండి" అని అమ్మేవాడు చెప్పేది అబద్ధము కాదు. అయితే అతడు మీ పొలము చూడలేదు.

మీ పొలము మీదుగా 11 కె.వి. లైను పోతున్నదనుకొందాము. రోడ్లకు దూరముగా పొలాలలో పోయే అటువంటి లైనులో, అన్నిటికన్న క్రింది తీగ నేలకు కనీసము 4.6 మీటర్ల ఎత్తున ఉండవలెనని విద్యుత్ నియమములు చెప్పినవి. అనగా 15 అడుగులు. ట్రాక్టరు పైకప్పు సుమారు 8 అడుగుల ఎత్తున ఉంటుంది. దాని మీద 9 అడుగుల పుల్ల నిలబెడితే 17 అడుగులు! నియమము ప్రకారము సక్రమముగా కట్టిన తీగనే అది తాకుతుంది. ఎండాకాలములో తీగ వేడికి సాగి క్రిందికి వ్రేలాడుతుందని మీకు తెలుసు. బాట మీద ఏటేటా మట్టి పోసి మనమే నేలను పైకి తెచ్చినాము. ఒరిగిన స్తంభముల సంగతి చెప్పనక్కరలేదు. గడ్డి లారీలు తీగలకు తగిలి తగులబడిన వార్తలు ప్రతి ఏడూ చదువుతూనే ఉన్నాము. ఇనుప ఏరియల్ గడ్డికన్న వెయ్యి రెట్లు ప్రమాదకరము. అది కరెంటును నేరుగా సీటు దాకా తెస్తుంది.

కావున నా సలహా ఇది. ఏరియల్ కొనక ముందు లైన్‌మన్‌ను పిలిచి, మీ బండి తిరిగే దారిలో తీగలు ఎంత ఎత్తున ఉన్నవో అడగండి. మీరు స్వయముగా గెడ ఎత్తి కొలవబోవద్దు. బండి, ఏరియల్ కలిసి నేలనుండి 12 అడుగులు మించనీయకండి. ట్రాక్టరు కప్పు మీదనయితే 4 అడుగులది, లారీ క్యాబిను మీదనయితే 3 అడుగులది సరిపోతుంది. ఇంకా దూరము పలకవలెనంటే కప్పు మీద కాక వెనుక మడ్‌గార్డుకు, కప్పు నిలువు కమ్మీలకు జానెడైనా ఎడముగా బిగించి 6 అడుగులది వాడవచ్చును. మాట కొంచెము తగ్గుతుంది, తగ్గనీయండి. చదునైన నేల మీద కొద్ది కిలోమీటర్ల దూరము, అనుకూలించిన చోట పది కిలోమీటర్ల దాకా మాట పోతే మన పనికి చాలును. మధ్యలో కొండ అడ్డమయితే ఎంత పొడుగు ఏరియల్ అయినా అంతే.

తీగ తాకనే తాకినదనుకోండి. సీటులోనుండి కదలవద్దు. బండి వెనుకకు పోగలిగితే మెల్లగా వెనుకకు తీయండి. ఎవరినీ దగ్గరకు రానీయక, 1912కు ఫోను చేయించి, లైను కట్టినారని తెలిసిన తరువాతనే దిగండి. నిప్పు అంటుకొని దిగక తప్పనప్పుడు, ఒక చేయి బండి మీద, ఒక కాలు నేల మీద ఎన్నడూ ఉండరాదు. రెండు పాదములు జోడించి దూకి, పాదములు ఎడము కాకుండా జరుగుకొంటూ దూరముగా పొండి.

బిగించే చోటు గురించి కొంచెము. మనకు కనపడే పుల్ల ఏరియల్‌లో సగమే. మిగిలిన సగము బండి ఇనుప శరీరము. లారీ క్యాబిను పైరేకు నడుమ బిగిస్తే అన్ని దిక్కులకూ సమముగా పలుకుతుంది. ఒక మూల బిగిస్తే ఎదుటి మూల వైపు ఎక్కువగా, తక్కిన వైపులకు తక్కువగా పోతుంది. ట్రాక్టరు కప్పు ఫైబరుదయితే ఆ రెండవ సగమే లేనట్లు. అప్పుడు ఏరియల్ అడుగునుండి ఛాసిస్‌కు వెడల్పాటి రాగి అల్లిక పట్టీని, వీలయినంత పొట్టిగా, రంగు గీకిన చోట బోల్టుతో బిగించవలెను.

అయస్కాంతపు అడుగుగల ఏరియల్‌ను చాలామంది ఇష్టపడతారు, రంధ్రము వేయనక్కరలేదు గదా అని. నాకు అది నచ్చదు. గాజువాక వైపు లారీ వేగముగా పోయేటప్పుడు ఒక కొమ్మ తగిలితే ఊడి వెనుక వచ్చే మోటారు సైకిలు మీద పడుతుంది. దాని అడుగున చేరిన ఇసుక రంగును గీస్తుంది, ఆ గీతలో ఉప్పునీరు నిలిచి రేకు తుప్పు పడుతుంది. ఎప్పుడో ఒకసారి వాడే జీపుకు పనికివస్తుంది గాని రోజూ తిరిగే బండికి బోల్టు బిగింపే మేలు.

బిగించిన తరువాత ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరుతో పరీక్ష చేయించండి. సెట్టు పంపిన శక్తిలో ఎంత వెనుకకు తిరిగి వస్తున్నదో అది చూపుతుంది. ముల్లు 1.5 వద్ద ఉంటే నూటికి 4 వంతులే వృథా. 2 వద్ద 11 వంతులు. 3 వద్ద నూటికి 25 వంతులు వెనుకకు వచ్చి సెట్టును వేడెక్కిస్తాయి. క్రింది చానలులో తక్కువ, పై చానలులో ఎక్కువ చూపితే పుల్ల పొడవు ఎక్కువైనదన్న మాట. మరను సడలించి కొద్దికొద్దిగా లోనికి దింపాలి. ఏరియల్ తగిలించకుండా మాత్రము మాట్లాడే బటను ఎన్నడూ నొక్కరాదు.

ఇంతవరకు చెప్పినది ఏ ఊరికైనా వర్తిస్తుంది. విశాఖకు ప్రత్యేకమైన శత్రువు ఉప్పుగాలి. దానికి తోడు రేవులో దించే బొగ్గు, ఇనుపరాయి ధూళి, ఫ్యాక్టరీల బూడిద. ఇవన్నీ రాత్రి తేమతో కలిసి ఏరియల్ అడుగున నల్లని పొర కడతాయి. ఆ పొర గుండా శక్తి కారిపోతుంది. తీర గ్రామములలోని బండికి పదిహేను రోజులకొకసారి మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడవడము తప్పనిసరి. సబ్బు, సోడా అక్కరలేదు.

కొనేటప్పుడు పుల్ల స్టెయిన్‌లెస్ స్టీలుదో, ఫైబర్‌గ్లాసు తొడుగుదో చూచుకోండి. క్రోము పూత వేసిన మామూలు ఇనుము మన గాలికి ఎక్కువ కాలము ఆగదు. ఫైబర్‌గ్లాసుది తుప్పు పట్టదు, కానీ ఎండకు పైపూత రేగి నూగు లేస్తుంది. చేతికి నూగు గుచ్చుకొంటున్నదంటే వార్నిషు పూయవలసిన వేళ అయినదన్న మాట. ఇంకొక సంగతి గమనించండి. ఉప్పునీటి బోరులో ఇత్తడి, ఇనుము కలిసిన చోట ఇనుము ముందుగా తినిపోవడము మీరు చూచే ఉంటారు. రెండు వేరు లోహములు ఉప్పునీటిలో కలిస్తే చిన్న బ్యాటరీ వలె పనిచేసి, ఒకటి కరిగిపోతుంది. అల్యూమినియము బ్రాకెట్టుకు స్టీలు బోల్టు వేసినచోట జరిగేది అదే. కావున బోల్టుకు గ్రీజు పూసి, గట్టిగా బిగించి, పైన రంగు వేయండి. బిగించక ముందు రంగు వేస్తే కరెంటు దారి మూసుకొంటుంది. వరుస ముఖ్యము.

అన్నిటికన్న ముందు చెడేది కేబులు చివర. ఏరియల్ చూపునకు నిగనిగలాడుతూనే ఉంటుంది, కేబులు లోపల రాగి అల్లికకు పచ్చని చిలుము పట్టి ఉంటుంది. నీరు ఒకసారి లోపలికి పోయిన కేబులును ఎండబెట్టి ప్రయోజనము లేదు. ఆ ముక్క కోసి పారవేయవలసినదే. కీలు మీద మొదట తనకు తానే అతుక్కొనే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దాని మీద మామూలు నల్ల టేపు చుట్టండి. క్యాబినులోనికి పోయే ముందు కేబులును కొంచెము క్రిందికి వ్రేలాడదీసి పైకి తీసుకొంటే వాననీరు ఆ వంపు దగ్గర జారిపోతుంది.

తోటలలో తిరిగే బండికి అడుగున స్ప్రింగుగల ఏరియల్ తీసుకోండి. జీడిమామిడి కొమ్మ తగిలినప్పుడు వంగి మరల లేస్తుంది. పుల్ల కొనకు గుండు ఉండి తీరవలెను.  షెడ్డులో పెట్టేటప్పుడు పురికొసతో వంచి కట్టే అలవాటు ఉన్నది. రాత్రంతా వంచి ఉంచితే పుల్ల అట్లే వంపు తిరుగుతుంది. దానికన్న మర విప్పి లోపల పెట్టుకోవడము సులువు.

పిడుగుల కాలము సంగతి వేరే చెప్పవలెను. 2018 ఏప్రిల్ 24వ తేదీన మన రాష్ట్రములో 13 గంటల వ్యవధిలో 36 వేలకు పైగా పిడుగులు పడినట్లు లెక్క తేలినది. ఉరుము వినపడగానే మాట్లాడడము ఆపి, ఏరియల్ కేబులును సెట్టునుండి విప్పి, బండిని చెట్టుక్రింద కాక షెడ్డులో పెట్టండి. పైన తెరచిన ట్రాక్టరు మీద కూర్చొనడము పిడుగు వేళ క్షేమము కాదు. ఇంటిలోనికి పొండి.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రము పని తలక్రిందులు. గాలి లేవక ముందే పుల్లను విప్పి, గుడ్డలో చుట్టి, సెట్టుతో బాటు ఇంటిలో ఎత్తున పెట్టండి. బ్యాటరీ నిండుగా ఛార్జి చేసి ఉంచండి. గాలి పూర్తిగా తగ్గి, తెగిన తీగలు ఎక్కడెక్కడ పడినవో చూచుకొన్న తరువాత, బండిని ఆరుబయటికి తెచ్చి ఏరియల్ మరల బిగించండి. ఒక అదనపు పుల్ల, రెండు గజముల కేబులు, ఒక రబ్బరు టేపు చుట్ట పనిముట్ల పెట్టెలో ఎప్పుడూ ఉంచుకోండి. తుపాను మరునాడు ఏ దుకాణమూ తెరచి ఉండదు.