హృదయచికిత్సయు మెదడునందలి మౌనక్షతములును



విద్యానిధినిగూర్చియు, విద్యార్థివసతిగృహమునుగూర్చియు పెద్దలు ముచ్చటించిరి. మేము వైద్యసంబంధమగు నొక విషయమును మీ సమక్షమున విన్నవింపనెంచితిమి. మా మాటలలో లోపములున్న మన్నింప ప్రార్థన.

వానకు మొగము వాచిన మన యనంతపురపు మెట్టసీమలో నొకప్పుడు గుండెకు శస్త్రచికిత్స యన్నచో పొలమమ్ముకొని దూరపు నగరములకు పోవలసి యుండెను. 1991వ సంవత్సరము నవంబరు 22వ తేదీన పుట్టపర్తిచెంత శ్రీ సత్యసాయి ఉన్నత వైద్యవిజ్ఞాన సంస్థను నాటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారు ప్రారంభించిరి. అచ్చట రుసుము లేకయే హృదయచికిత్స జరుగుచున్నది. 2007లో ఆరోగ్యశ్రీ పథకము తొలుత మొదలైన మూడు జిల్లాలలో మనదియు నొకటి. కావున నేడు గుండెచికిత్స పొంది బ్రతికి వచ్చినవారు మన పల్లెలలో పెక్కుమంది కలరు. ఇది మహాభాగ్యము. అయితే అట్టివారి యింటివారు తెలిసికొనదగిన సంగతి యొకటి గలదు.

గుండెనుండి వెడలు రక్తములో సుమారు ఆరింట నొకపాలు మెదడునకు పోవును. కవాటమును మార్చునప్పుడును, బృహద్ధమనిని బిగించి విడుచునప్పుడును, సన్నని గొట్టమును రక్తనాళముగుండ గుండెలోనికి పంపునప్పుడును సున్నపు తునకలు, రక్తపు గడ్డలు, గాలిబుడగలు కొట్టుకొనిపోయి మెదడునందలి సూక్ష్మనాళములను మూయవచ్చును. మన చెరువులను తలచుకొనుడు. పెద్దకాలువ పూడిన ఊరంతయు గోలపెట్టును, అదియే పక్షవాతము. మూలమడికి పోవు పిల్లకాలువ పూడినచో కోతనాటిదాక నెవరికిని తెలియదు. ఇట్టిదే మౌనక్షతము. చేయి పడదు, నోరు వంకర పోదు, ఎం.ఆర్.ఐ. చిత్రమునందు మాత్రము మచ్చ కనబడును.

2002లో ఫ్రాన్సుదేశమున ఆలెన్ క్రిబియే పండితుడు రొమ్ము కోయక గొట్టముతోనే బృహద్ధమనీకవాటమును తొలిసారి అమర్చెను. ఈ పద్ధతి పిమ్మట చిత్రములు తీసిన పరిశోధనలు పెక్కింట సగముకంటె నెక్కువమందికి క్రొత్త మచ్చలు కానవచ్చినవి. పక్షవాతము వచ్చినవారో, నూటికి ఇద్దరు ముగ్గురే. తునకలను పట్టు చిన్న వలలను కనిపెట్టిరి. వలలో తునకలు పడినవి గాని, 2022లోను 2025లోను వెలువడిన గొప్ప పరీక్షలలో పక్షవాతము చెప్పదగినంత తగ్గలేదు. మచ్చలున్న వారందరికిని బుద్ధి మందగించుననుటయు సరికాదు. అయినను రాటర్‌డామ్ నగరమున చికిత్సతో సంబంధము లేని 1,015 మంది వృద్ధులను పరీక్షించి 2003లో ప్రకటించిన ఫలితములనుబట్టి, మౌనక్షతములున్నవారికి మతిభ్రంశము రెండింతలకు మించి కలుగుచుండెను.

ఇందు మనకేమి పని యందురేమో! లోహకవాటము గలవాడు రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ మాత్రను జీవితాంతము తప్పక మ్రింగవలెను. మాత్ర మరచుటయే మొదటి మఱపైనచో ప్రాణమునకే ముప్పు. వేరుసెనగ యప్పుల లెక్కయు, బోరుబావి వాయిదాయు జ్ఞప్తియందుంచుకొనవలసిన యింటిపెద్ద తడబడిన, "ముసలితనము, సోమరితనము" అని నిందించుట పాడిగాదు.

కావున మా మనవు లివి. భయపడి చికిత్స మానకుడు. చికిత్స లేని గుండెజబ్బు అంతకంటె క్రూరము. చికిత్సకు ముందు ఈ ప్రశ్నను వైద్యుని నిర్భయముగ నడుగుడు. తరువాత కొన్ని మాసములు రోగి జ్ఞాపకమును, నడకను, లెక్కలను ఇంటివారు కనిపెట్టుచుండుడు. మాటగాని, చేయిగాని యాకస్మికముగ తడబడిన క్షణము జాగుసేయక ఆసుపత్రికి కొనిపొండు. రక్తపుపోటును అదుపున నుంచుడు, పొగాకు విడుచుడు. పిల్లలకు గొంతునొప్పి పిమ్మట జ్వరముతో కీళ్లవాపు వచ్చిన ఉపేక్షింపకుడు. కవాటములు చెడుట కదియే తరచు మూలము.

దాతలకు మరియొక విన్నపము. ఆపరేషనునకు ధనమిచ్చుట పుణ్యమే. పిమ్మటి రక్తపరీక్షకు బస్సుచార్జి నిచ్చుటయు నంతటి పుణ్యమే. బ్రతికించిన గుండెకు తోడుగ బుద్ధిని గూడ కాపాడుదము.