హ్యాంక్ విలియమ్స్ పాటల మూట

అమెరికా కంట్రీ సంగీతం కొత్తగా వినాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నన్నడిగితే హ్యాంక్ విలియమ్స్ దగ్గర. ఆయన పాటల్లోంచి ఏరి కూర్చిన ‘40 గ్రేటెస్ట్ హిట్స్’ ఆల్బమ్ 1978లో వచ్చింది. అప్పటికే ఆయన పోయి పాతికేళ్లు. పోయేనాటికి ఆయన వయసు 29 ఏళ్లే!

ఆయనది అలబామా. చిన్నతనంలో రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధి గాయకుడి దగ్గర గిటారు నేర్చుకున్నారు. ఆ గొంతులో నల్లజాతివారి బ్లూస్ సంగీతపు జీర అందుకే వినిపిస్తుంది.

ఆల్బమ్‌లో పాటలన్నీ చిన్నవి. ఒక్కోటి సుమారు మూడు నిమిషాలు. అప్పటి గ్రామఫోన్ రికార్డులో ఒక పక్కన అంతే పట్టేది. ఆ మూడు నిమిషాల్లోనే ఒక కాపురం చెదిరిపోతుంది, ఒక మనిషి రాత్రంతా మేలుకుంటాడు. ఫిడేలు, సాగదీసి మూలిగే స్టీల్ గిటారు, మామూలు మాటలు. అంతకు మించి హంగు లేదు. నాకు ఎంతో ఇష్టమైంది ఆ పొదుపే.

విడిగా ఒక్క పాట వింటే బాగుందనుకుంటాం. వరసగా వినండి. హుషారైన ‘హే గుడ్ లుకిన్’, గుండె పిండే ‘యువర్ చీటిన్ హార్ట్’ ఒకేచోట వింటేనే మొత్తం మనిషి తెలుస్తాడు. ఇంగ్లీషు అంతగా అందకపోయినా ఫరవాలేదు. మొదటిసారి స్టీల్ గిటారు వినండి. మాటల సంగతి రెండోసారి చూసుకోవచ్చు.